అంకెలు రోగి చేతికి రావాలి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు వేమూరు మండలంలోని జంపని బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. దగ్గరి పట్నమైన తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఊళ్లో ఏఎన్‌ఎం చూసిన బీపీ, షుగర్ ట్యాబ్‌లోకి ఎక్కుతాయి. తెనాలిలో చేయించుకున్న రక్తపరీక్ష వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వస్తుంది. గుంటూరు పెద్దాసుపత్రి ఓపీ చీటీ బీరువాలో ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. ఒకే మనిషి ఆరోగ్యం మూడు చోట్ల ముక్కలై పడి ఉంటే, డాక్టరు చూసేది ఆ రోజు తన బల్ల మీదికొచ్చిన ముక్కనే.

విడిగా చూస్తే ఏ కాగితంలోనూ తేడా కనపడకపోవచ్చు. చాలా ల్యాబులు మగవారికి క్రియాటినిన్ 0.7 నుంచి 1.3 దాకా నార్మల్ అంటాయి. ఒకాయనకు 0.8 ఉన్నది రెండేళ్లలో 1.2 అయిందనుకోండి. ఏ రిపోర్టులోనూ ఆ అంకె కింద గీత పడదు. తేదీల వరుసలో పెడితే మాత్రం సగానికి సగం పెరిగిందని తెలిసిపోతుంది. కిడ్నీ జబ్బు చాలాకాలం పైకి కనపడదు. అలా ఆలస్యంగా తెలిసి ఎన్ని ఇళ్లు చితికిపోయాయో ఉద్దానం పల్లెల్ని అడగాలి.

నిజానికి ఆ వరుస ల్యాబులో ఉన్నదే. యంత్రం ఇచ్చేది అంకె, సాఫ్ట్‌వేర్ దాచేది పట్టికలో. మన చేతికొచ్చేసరికి అది లెటర్‌హెడ్ మీద బొమ్మవుతుంది. మళ్లీ ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ ఎక్సెల్‌లోకి కొట్టాలి, 1.2 కాస్తా 12 అయ్యేది అక్కడే. పీడీఎఫ్‌తో పాటు, ఎక్సెల్‌లో నేరుగా పట్టికగా తెరుచుకునే సీఎస్‌వీ ఫైలు కూడా ఇస్తే ఈ బాధ ఉండదు. కాకపోతే ఆ ఫైలులో తేదీ, పరీక్ష పేరు, అంకె, కొలమానం, ఆ ల్యాబు నార్మల్ హద్దులు, పరగడుపునో తిన్న తర్వాతో అన్నీ ఉండాలి. 03/04 అని రాస్తే ఒక కంప్యూటర్‌కు అది ఏప్రిల్, ఇంకోదానికి మార్చి. మన దగ్గర 126గా రాసే షుగర్ బ్రిటన్‌లో 7 అవుతుంది. పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు కొలమానం లేని అంకె అక్కడ ఎందుకూ కొరగాదు.

అడిగిన 72 గంటల్లో రోగికి రికార్డు ఇవ్వాలని వైద్యమండలి 2002లోనే నిబంధన పెట్టింది. ఏ రూపంలో ఇవ్వాలో చెప్పలేదు. యూరప్‌లో 2018 నుంచి అమలవుతున్న జీడీపీఆర్, మనిషి తానిచ్చిన సమాచారాన్ని కంప్యూటర్ చదవగల రూపంలో వెనక్కి అడిగే హక్కు ఇచ్చింది. మన 2019 డేటా బిల్లులోనూ ఆ హక్కు ఉండేది. 2023లో చట్టం వచ్చేసరికి అది పోయి, సారాంశం తెలుసుకునే హక్కు మిగిలింది. క్రియాటినిన్‌కు సారాంశం ఏముంటుంది? ఇది పొరపాటుగా వదిలేసిన చిన్న విషయమని నేననుకోను. సవరించి తీరాలి.

పల్లెటూరి వాళ్లకు పట్టికలెందుకన్న మాట తరచూ వినపడుతుంది. పాలకేంద్రంలో వెన్న శాతం నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా వచ్చిందో నిలదీసే రైతుకు తన షుగర్ వరుస అర్థం కాదనడం అన్యాయం. భయపడాల్సింది వేరే ఉంది. ఊరందరి పరీక్షలూ పేర్లు, ఫోన్ నంబర్లతో ఒకే షీటులో పోసి గ్రూపుల్లో తిప్పడం ప్రమాదం. పెద్ద లెక్కలకు ఎక్సెల్‌ను నమ్ముకోవడమూ ప్రమాదమే: 2020లో ఇంగ్లండ్‌లో పాత ఎక్సెల్ ఫైలు వరుసలు నిండిపోయి 15,841 కొవిడ్ పాజిటివ్ ఫలితాలు సమయానికి లెక్కలోకి రాలేదు. అందుకే ఎవరి పట్టిక వారికే, అడిగినప్పుడే ఇవ్వాలి.

ఆరోగ్య రికార్డుల కోసం ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు ఇప్పటికే కోట్ల మందికి ఉంది. దాని వెనక పీడీఎఫ్‌లు పోగుపడితే వరుస రాదు. రాష్ట్రం ముందుగా తన ఆసుపత్రుల ల్యాబులతో మొదలుపెట్టవచ్చు. సాఫ్ట్‌వేర్ కొనే టెండరులో, ఫలితాలను రోగికి ఉచితంగా సీఎస్‌వీలో ఇవ్వాలన్న షరతు ఒకటి చేర్చాలి.