నర్సింగ్ స్కూలు: చదువా, చాకిరీనా?

2021 వర్షాకాలంలో నల్లగొండ జిల్లాలోని ఒక ఊరి నుంచి మా సంఘం సభ్యురాలొకామె ఫోన్ చేసింది. ఆమెది కూలి పని. కూతురు ఇంటర్ బైపీసీ పాసయింది. "పిల్ల నర్సు సదువుతనంటున్నదక్కా, పంపియ్యమంటవా?" అని అడిగింది. "తప్పకుండా పంపు, ఎప్పటికైనా తన కాళ్ల మీద తను నిలబడుతుంది" అన్నాను. ఏ స్కూలు అని మాత్రం అడగలేదు. సామాజికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుని, పదిహేనేళ్లకు పైగా స్త్రీల శ్రమ గురించి రాస్తున్న నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. ఆ అమ్మాయి మూడేళ్లు ఏం అనుభవించిందో తర్వాత ఆమె నోటనే విన్నాను. ఆమె అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. ఆమె పేరుగానీ, స్కూలు పేరుగానీ రాయటం లేదు.

నర్సు కావాలన్నది ఆమె సొంత కోరిక. కరోనా రెండో అలలో నానమ్మను పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు, ఇంటివాళ్లను కూడా దగ్గరికి రానివ్వని ఆ రోజుల్లో, ముసలామెకు గంజి తాగించి పక్క మార్చిన సిస్టర్‌ని చూసి ఆమె ఆ నిర్ణయానికి వచ్చింది. కానీ స్కూలును ఎంచుకున్నది ఆమె కాదు. రంగుల కరపత్రం పట్టుకుని ఊళ్లోకి వచ్చిన ఏజెంటు ఎంచాడు. సీట్లు అయిపోతున్నాయని తొందరపెట్టాడు. పదో తరగతి, ఇంటర్, కులం ధ్రువపత్రాల అసలు కాగితాలు తీసుకున్నాడు. రశీదు ఇవ్వలేదు. తల్లీ కూతుళ్లు స్కూలును మొదటిసారి చూసింది పెట్టె పట్టుకుని హాస్టల్లో దిగిన రోజే.

నగరం శివార్లలో ఒక మూడంతస్తుల భవనం. కింద ఆసుపత్రి, పైన తరగతులు, ఆపైన హాస్టల్. జి.ఎన్.ఎం. కోర్సు నడిపే స్కూలుకు కనీసం వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలని, ఒక్కో విద్యార్థినికి ముగ్గురు రోగుల చొప్పున ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. ఇక్కడ పడకలైతే ఉన్నాయి. రోగులే లేరు. తనిఖీ రోజున చుట్టుపక్కల బస్తీల వాళ్లను తెచ్చి మంచాల మీద పడుకోబెట్టారు. వాళ్లకు బి.పి. చూస్తున్నట్టు నిలబడటమే ఆ అమ్మాయికి అందిన మొదటి ప్రాక్టికల్ పాఠం.

ఇది ఒక్క స్కూలు కథ అనుకోవటానికి వీల్లేదు. మధ్యప్రదేశ్‌లో నర్సింగ్ కళాశాలల అక్రమాలపై హైకోర్టు సి.బి.ఐ. విచారణకు ఆదేశించింది. 2024 మేలో, కళాశాలలకు అనుకూలంగా నివేదికలివ్వటానికి లంచాలు తీసుకున్నారన్న ఆరోపణపై సి.బి.ఐ. తన అధికారులనే అరెస్టు చేయాల్సి వచ్చింది. తనిఖీ చేసేవాళ్లనే తనిఖీ చేయాల్సిన స్థితి ఉన్నచోట, ఊరి నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్ల మంచి స్కూలేదో చెడ్డ స్కూలేదో ఎలా తేల్చుకుంటుంది?

రెండో ఏడు యాజమాన్యం విద్యార్థినులను తమకే చెందిన మరో ఆసుపత్రికి పంపింది. అక్కడ రోగులకు కొదవ లేదు, నర్సులకే కొరత. రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒక్క స్టాఫ్ నర్సు, మిగతా అందరూ విద్యార్థినులే. ఇంజక్షన్లు, సెలైన్లు, రోగుల పక్కబట్టలు, ఆఖరికి బిల్లింగ్ కాగితాలు మోయటం కూడా వాళ్ల పనే. పొద్దున తొమ్మిదికి మళ్లీ క్లాసు. పని చేస్తూ నేర్చుకోవటం నర్సింగ్ చదువులో తప్పనిసరి భాగం, దాన్నెవరూ కాదనరు. కానీ పక్కన నిలబడి నేర్పే మనిషి లేనప్పుడు అది శిక్షణ ఎలా అవుతుంది? జీతం ఇవ్వాల్సిన నర్సు స్థానంలో ఫీజు కట్టే విద్యార్థినిని నిలబెట్టటం శ్రమ దోపిడీ. అందులో నష్టపోయేది విద్యార్థిని ఒక్కతే కాదు, ఆ మంచం మీదున్న రోగి కూడా.

ఒక రాత్రి రోగి బంధువొకడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వార్డెన్‌కి చెబితే "రోగుల వాళ్లతో నవ్వుతూ మాట్లాడితే ఇట్లనే అయితది" అన్నది. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఆసుపత్రులనూ నర్సింగ్ హోంలనూ పని ప్రదేశాలుగా పేర్కొంది. బాధితురాలు అక్కడ ఉద్యోగి కాకపోయినా ఫిర్యాదు చేయవచ్చని చెప్పింది. ఫిర్యాదుల కమిటీ అనేది ఒకటి ఉంటుందని ఆ అమ్మాయికి మూడేళ్లలో ఎవరూ చెప్పలేదు. 1973లో ముంబైలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సు అరుణా షాన్‌బాగ్ మీద ఆసుపత్రి ఉద్యోగే దాడి చేశాడు. 2015లో చనిపోయేదాకా ఆమె ఆ ఆసుపత్రి మంచం మీదే ఉండిపోయింది. అయినా రాత్రి డ్యూటీ భద్రత నర్సింగ్ పాఠాల్లోకి రాలేదంటే ఏమనుకోవాలి?

ఆమె చదువు మానేస్తానన్నది. సర్టిఫికెట్లు కావాలంటే మూడేళ్ల ఫీజూ కట్టి తీసుకుపొమ్మన్నారు. అప్పటికే ఇంటి మీద అప్పు ఉంది. నోరు మూసుకుని పూర్తి చేసింది. చివరికి ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ రాలేదన్న సాకుతో మళ్లీ కాగితాలు ఆపారు. ప్రభుత్వం బకాయి పడితే తాకట్టు పెట్టాల్సింది ఆడపిల్ల భవిష్యత్తునా? అప్పుడు గానీ ఆ తల్లి మళ్లీ నాకు ఫోన్ చేయలేదు. సంఘం నుంచి పదకొండు మందిమి వెళ్లి ఆఫీసు గది ముందు పొద్దుటి నుంచి కూర్చున్నాం. సాయంత్రానికి కాగితాలు చేతికొచ్చాయి. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ అమ్మాయి నాతో అన్న మాట ఇది: "నర్సునవుడు తప్పని నేను ఇప్పటికీ అనను మేడం. మూడేండ్లల్ల ఆ స్కూలుకు వచ్చి చూసినోళ్లే మాకు లేకపోయిన్రు."

నాకు ఆ మాట గుచ్చుకుంది. ఆసుపత్రుల గురించి మనం తక్కువ మాట్లాడలేదు. అనవసరంగా గర్భసంచులు తీసేయటం గురించి, కుటుంబనియంత్రణ శిబిరాల గురించి, కాన్పు గదుల్లో తిట్ల గురించి పోరాడాం. ఆ పోరాటాల్లో నర్సు మనకు చాలాసార్లు ఎదుటి పక్షంగానే కనిపించింది. కాన్పు గదిలో కసిరిన సిస్టర్ కూడా ఒకనాడు ఇలాంటి హాస్టల్లో మాటలు పడి వచ్చినదే కావచ్చునని ఆలోచించలేదు.

దీని వెనక కులం కూడా ఉంది. పరాయివాళ్ల ఒంటిని, నెత్తుటిని, మలమూత్రాలను ముట్టుకునే పనిని అగ్రవర్ణాల వాళ్లు తమ ఆడపిల్లలకు తగదన్నారు. మన దగ్గర మొదట తలుపులు తెరిచినవి గుంటూరులో డాక్టర్ అనా కుగ్లర్ 1898లో ప్రారంభించిన ఆసుపత్రి వంటి మిషన్ ఆసుపత్రులు. ఆ తలుపుల్లోంచి వచ్చిన వాళ్లలో దళిత క్రైస్తవ స్త్రీలు ఎందరో. వాళ్లు సంపాదించుకున్న గౌరవం మీద ఈ వృత్తి నిలబడింది. సమాజం మాత్రం దాన్ని "సేవ" అని పొగిడి, జీతం మాటెత్తితే ముఖం చిట్లించింది. 2020 మార్చి 22న చప్పట్లు కొట్టిన చేతులు జీతాల దగ్గర ముడుచుకున్నాయి.

పోరాడిన చోట కొంత సాధించారు. 2011, 2012 సంవత్సరాల్లో కేరళలో, ముంబైలో, ఢిల్లీలో నర్సులు బాండ్ల మీద, తక్కువ జీతాల మీద సమ్మెలు చేశారు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతమివ్వాలని, 50 పడకల లోపు వాటిలోనూ నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. కేరళ ప్రభుత్వం 2018లో కనీస వేతనాలు ప్రకటించింది. అదీ నర్సులు రోడ్డెక్కాకే. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త కమిషన్ చట్టం చేసింది. అయితే చట్టం ఎంత కొత్తదైనా, హాస్టల్ గదిలో ఉన్న పిల్లకు అందాలంటే మధ్యలో ఎవరో ఒకరు నిలబడాలి.

ఆ పని మన సంఘాలు చేయగలవు. ఏ తల్లి అయినా "పంపియ్యమంటవా?" అని అడిగితే, "పద, చూసొద్దాం" అనాలి. స్కూలుకు ఈ ఏడాది గుర్తింపు ఉందో లేదో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో కనుక్కోవాలి. చెప్పాపెట్టకుండా ఆసుపత్రికి వెళ్లి మంచాల మీద రోగులున్నారో లేదో చూడాలి. గేటు బయట సీనియర్ అమ్మాయిలతో మాట్లాడాలి: రాత్రి డ్యూటీలో పక్కన ఎవరుంటారు, ఒంట్లో బాగా లేకపోతే సెలవిస్తారా, తిండి ఎలా ఉంది? ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయేమో చూడాలి. అసలు సర్టిఫికెట్లు చూపించి, నకళ్లే ఇచ్చి రావాలి. చదవకుండా ఏ బాండు మీదా సంతకం చేయొద్దని చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, చేర్పించాక కూడా మూడు నెలలకొకసారైనా వెళ్లి పలకరించాలి. ఈ పిల్లకు వెనక మనుషులున్నారని యాజమాన్యానికి తెలియాలి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. కొత్తగా వచ్చిన విద్యార్థినులను రాత్రి పూట ఒంటరిగా వదలదట. ఈ ఏడాది ఆమె చెల్లెలి వరసైన అమ్మాయి జి.ఎన్.ఎం.లో చేరతానంటోంది. ఈసారి స్కూళ్లు చూడటానికి ముగ్గురం కలిసి వెళ్తున్నాం.

మీ జిల్లాల్లో నర్సింగ్ విద్యార్థినుల స్థితి ఎలా ఉందో మాకు రాయండి. పేర్లు వద్దంటే వేయం.