ఫిడేలు పెట్టెలో తేనెరంగు బిళ్ళ

ఫిడేలు నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో, ఆ పెట్టెలో ఓ మూల తేనెరంగు బిళ్ళ ఒకటి ఉంటుంది. కలకండ ముక్క అనుకుని చంటివాళ్ళు నోట్లో పెట్టుకోబోతారు కూడానూ! అదే రోజనం. ఈ వారం దాని సంగతి చెబుతాను. ఎందుకంటే మీ ఇంట్లో ఫిడేలు లేకపోయినా, పాత పుస్తకాలుంటే రోజనం ఉన్నట్టే.

ఇది పైన్ చెట్టు ఇచ్చే సరుకు. కుమావూఁ, గఢ్వాల్, హిమాచల్ కొండల్లో చీర్ పైన్ చెట్లు విస్తారంగా ఉన్నాయి. బెరడు చెక్కి, మనవాళ్ళు తాటిచెట్టుకి ముంత కట్టినట్టే అక్కడ గిన్నె తగిలిస్తారు. కారిన జిగురును బట్టీ పడితే ఆవిరిగా వెళ్ళి చల్లారేది టర్పెంటైను. అడుగున మిగిలి గడ్డకట్టేది రోజనం.

కమానుకు కట్టిన గుర్రపు వెంట్రుకలు ఉత్తవైతే తీగమీద జారిపోతాయి, నాదం పలకదు. రోజనం పొడి అంటితే అవి తీగను పట్టి లాగుతాయి. తీగ విడిపించుకుంటుంది. మళ్ళీ పట్టు, మళ్ళీ విడుపు. సెకనుకి వందలసార్లు జరిగే ఈ పెనుగులాటే మనం వినే నాదం. ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893–1964) వంటి మహావిద్వాంసుల కమానుకైనా ఈ పొడి కావలసిందే మరి!

రేడియో బాగుచేసేచోట టంకం పెడుతుంటే లేచే ఘాటైన పొగ కూడా చాలావరకు దీనిదే. రాగిమీది చిలుమును వదలగొట్టి టంకం అతుక్కునేట్టు చేస్తుంది. ఆ పొగ అదేపనిగా పీలిస్తే కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది. మీ అబ్బాయి ఇంట్లో ఈ పని పెట్టుకుంటే ముందు కిటికీలు తెరిపించండి.

ఇక పుస్తకాల మాట. ఉత్త కాగితం అద్దుడు కాగితంలా సిరాను పీల్చేస్తుంది. అక్షరం అలుక్కుపోకుండా, రోజనాన్నీ పటికనీ గుజ్జులోనే కలిపే పద్ధతిని 1807లో జర్మనీలో ఇల్లిగ్ అనే ఆయన ప్రకటించాడు. తరవాత వందేళ్ళకు పైగా ప్రపంచమంతటా కాగితం మిల్లులు అదే పద్ధతి పట్టాయి. కాని పటికవల్ల కాగితంలో ఆమ్లం చేరి, లోపలి పీచును మెల్లగా తెగ్గొడుతుంది. చెక్కగుజ్జుతో చేసిన చవక కాగితమైతే మరీ త్వరగా పాడవుతుంది. అమెరికాలో విలియం బారో 1950లలో ఎన్నో పాత పుస్తకాలను పరీక్షించి, కాగితం పెళుసెక్కడానికి ఈ ఆమ్లమే ముఖ్యకారణమని చూపాడు. తరవాత చాలా మిల్లులు పటిక అక్కరలేని పద్ధతులకు మారాయి.

మన అమ్మమ్మలు వారంవారం సీరియల్ కాగితాలు దాచి, బైండు చేయించుకున్న పుస్తకాలు ఇప్పుడు ముట్టుకుంటే అప్పడాల్లా విరుగుతున్నాయంటే కారణం ఇదే. వాటిలో కొన్ని కథలు మళ్ళీ అచ్చు కాలేదు. కనక ఆ పుస్తకాల్ని వేడెక్కే అటకమీదా, చెమ్మగోడ పక్కనా ఉంచకండి. చిరిగినచోట ప్లాస్టిక్ టేపు అంటించకండి. దాని జిగురు మరక వదలదు. ఈ సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక్కొక్క పేజీ జాగ్రత్తగా తిప్పుతూ ఫోనుతో ఫొటోలు తీయించండి. మార్జినులో అమ్మమ్మ పెన్సిలుతో రాసుకున్న మాటలుంటే అవీ పడేట్టు చూడండి.