జనగామకు లేని అంకె

పాలకుర్తి యనగానే సాహిత్యప్రియులకు సోమనాథుడును, ఆ మండలములోనిదే యైన బమ్మెర గ్రామమువలన పోతనయు స్ఫురింతురు. సామాన్యజనమునకు మాత్రము ముందుగా జ్ఞప్తికి వచ్చునది చిట్యాల ఐలమ్మయే. కౌలునకు పుచ్చుకొన్న భూమిలో తాను పండించిన పంటను విసునూరు దేశముఖు మనుషులు కోసికొని పోవచ్చినపుడు, ఆంధ్ర మహాసభ సంఘము కార్యకర్తల యండతో ఆ ధాన్యమును తన యింటికే చేర్చుకొన్న ఆ రజక స్త్రీ సాహసము నేడు పాఠ్యపుస్తకములకు ఎక్కినది. హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు 2024లో ప్రభుత్వము ఆమె పేరే పెట్టినది. ఆ సాహసమునకు ప్రతీకారముగా ఆమె యిల్లు తగులబెట్టిరనియు, ఆమె యింటి ఆడబిడ్డపై అత్యాచారము జరిపిరనియు కూడ తెలంగాణ పోరాటమును గూర్చి వ్రాసినవారు చెప్పినారు.

తెలంగాణ సాయుధ పోరాటమును గూర్చి ఉపన్యసించువారెవరైనను 3,000 గ్రామములు, 10 లక్షల ఎకరములు, 4,000 ప్రాణములు అని తడుముకొనకుండ చెప్పుదురు. అవి గుండుసున్నల అంకెలే కావచ్చును, కాని జనుల నోట నిలిచినవి. దొరల గడీలలోను, రజాకార్ల దాడులలోను, పిమ్మట వచ్చిన సైనిక శిబిరములలోను స్త్రీలు పడిన దౌర్జన్యములకు అట్టి నోటి లెక్క యేదియు లేదు, ఉన్నవి కథనములు. ఆ కథనములలో పెక్కు స్త్రీ శక్తి సంఘటనవారు ఊరూరు తిరిగి, వృద్ధలైన ఆ స్త్రీలనే కూర్చుండబెట్టి అడిగి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అను గ్రంథముగా వెలువరించిన తరువాతనే చదువరుల కందినవి. భూమిని కొలుచుటకు గొలుసులు పట్టుకొని వచ్చినవారుండిరి; స్త్రీల విషయము నడుగుటకు వచ్చువారికై నలుబది యేండ్లు వేచియుండవలసి వచ్చెను.

ఈ పాతకథ నెత్తుకొనుటకు కారణము కలదు. ఐలమ్మ పోరాడిన ఈ సీమలో, ఇప్పటి జనగామ జిల్లాలో, ఎందఱు స్త్రీలు తమ యిండ్లలోనే దెబ్బలు తినుచున్నారని యెవరైన అడిగినచో, నేటికిని నమ్మదగిన జవాబు లేదు. రాష్ట్రమునకు కలదు. 2019 జూన్ 30 నుండి నవంబరు 14 వరకు తెలంగాణలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 18 మొదలు 49 ఏండ్ల వయసు గల వివాహితలలో నూటికి 36.9 మంది భర్త చేతి హింసను ఎప్పుడో యొకప్పుడు చవిచూచినవారే. ఆంధ్రప్రదేశమున ఆ అంకె 30, దేశము మొత్తమున 29.3. అదే సర్వే జనగామకును, మహబూబాబాదుకును, భూపాలపల్లికిని వేరువేరు పత్రములు ప్రకటించినది. వానిలో పిల్లల టీకాలు, స్త్రీల రక్తహీనత, మరుగుదొడ్లు, వంటగ్యాసు మున్నగు వివరములు నూఱు వఱకు కలవు. గృహహింసను గూర్చిన పంక్తి మాత్రము లేదు. కారణము సర్వే పద్ధతిలోనే యున్నది. ఈ ప్రశ్నలు ఎంపిక చేసిన కొద్దిపాటి యిండ్లలోనే, ఇంటి కొక్క స్త్రీనే, ఎవరును వినకుండ ఏకాంతమున అడుగుదురు. ఆ కొద్దిమంది జవాబులు రాష్ట్రమునకు చాలును గాని జిల్లాకు చాలవు. పద్ధతిని తప్పుపట్టుటకు వీలులేదు. ఖర్చు తగ్గించుకొన్న తీరును మాత్రము తప్పుపట్టవచ్చును.

జిల్లాల సంగతియు తక్కువ చిక్కు కాదు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ ఐదు జిల్లాలైనది. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుండి ములుగు విడిపోయినది. నాలుగవ సర్వే నాటికి ఉన్నది ఒకే వరంగల్. ఐదవ సర్వే అయిదు జిల్లాలను లెక్కగొన్నది గాని అందులోని భూపాలపల్లి ములుగుతో కూడిన పాత భూపాలపల్లి. పోలీసుల హద్దులు మఱొక తీరు: జనగామకు వేరుగా ఎస్పీ లేడు, పాలకుర్తి ఠాణా వరంగల్ కమిషనరేటు క్రిందిది. ఆరోగ్యశాఖ జిల్లా యొకటి, పోలీసు జిల్లా యొకటి, సర్వే జిల్లా యొకటి. ఒక తల్లి బిడ్డను మూడు బడులలో మూడు పేర్లతో చేర్చినచో ఆ బిడ్డ చదువు ఎట్లుండునో ఈ లెక్కలును అట్లే యున్నవి.

ఇక మిగిలినది పోలీసు లెక్క. జాతీయ నేర గణాంక సంస్థ 2022 సంవత్సరమునకు దేశములో స్త్రీలపై 4,45,256 నేరములను, తెలంగాణలో 22,066 నేరములను చూపినది. లక్షమంది స్త్రీలకు దేశ సగటు 66.4 కాగా మన రాష్ట్రమున 117. ఈ అంకె వెలువడినప్పుడెల్ల పత్రికలలో గగ్గోలు పుట్టును, ప్రతిపక్షము విరుచుకుపడును, పాలకపక్షము సంజాయిషీ వెదకును. ఇది నేరముల కొలత యని యెల్లరు తలచుచున్నారు గాని, నిజమునకు ఇది ఠాణాలో కాగితమున కెక్కిన ఫిర్యాదుల కొలత. అదియు సంపూర్ణము కాదు. ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో పలు నేరములున్నపుడు వానిలో మిక్కిలి తీవ్రమైన దానినే లెక్కించు నియమము ఆ సంస్థ కున్నది. వరకట్న మరణముగా నమోదైన కేసులో అంతకు ముందు ఆ యిల్లాలు ఏండ్ల తరబడి పడిన వేధింపు అంకెగా కనబడదు. భార్యాభర్తల తగవులలో ఎఫ్.ఐ.ఆర్.కు ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చునని 2013లో సుప్రీంకోర్టు చెప్పియున్నది గనుక, దరఖాస్తు ముందుగా కౌన్సెలింగునకు పోవును. అక్కడ రాజీ కుదిరిన పక్షమున ఆ దెబ్బ ఢిల్లీ పట్టికలో పుట్టనే పుట్టదు. అసలు ఠాణా మెట్లెక్కువారెందఱు? పైని చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే దేశమంతటికి చెప్పిన మాట: హింసకు గురియైన స్త్రీలలో సహాయము కోరినవారు నూటికి 14 మంది, 77 మంది ఎవరికిని చెప్పుకొననే లేదు. కోరినవారిలోను పెక్కుమంది పోయినది పుట్టింటికే.

ఈ సీమ పల్లెల నెఱిగినవారికి ఇంకొక కాగితము సుపరిచితము. ప్రత్తియో మిరపయో వేయు ఇంట గడ్డిమందు డబ్బా వసారాలోనే యుండును. కోడలు త్రాగినది, ఏరియా ఆసుపత్రికి, అక్కడినుండి వరంగల్ ఎం.జి.ఎం.కు తరలించినారు, రెండు దినములకు ప్రాణము పోయినది. పెండ్లియై ఏడేండ్లు నిండని స్త్రీ యైనచో శవపంచనామా తహసీల్దారు సమక్షమున జరుగవలెనని 1983 నుండి చట్టమున్నది. ఆ యధికారి వచ్చులోపలనే వేపచెట్టు క్రింద పెద్దమనుషులు కూర్చుందురు. పిల్లల పేర ఎకరమో రెండెకరములో వ్రాయుటకు అవతలివారు ఒప్పుకొందురు. పుట్టింటివారు పోయిన పిల్ల ఎట్లును రాదని కన్నీరు తుడుచుకొందురు. అంతట పంచుల సంతకముల మీద, మన పత్రికల జిల్లా పుటలలో మనమందఱము వందల పర్యాయములు చదివిన ఆ వాక్యము దిగును: కడుపునొప్పి తాళలేక, జీవితముపై విరక్తి చెంది. ఆ వాక్యము ఠాణా నుండి జిల్లాకు, జిల్లా నుండి రాష్ట్రమునకు, రాష్ట్రము నుండి ఢిల్లీకి ప్రయాణము చేసి ‘అనారోగ్యము’ అను గడిలోనో, ‘కుటుంబ సమస్యలు’ అను గడిలోనో కూర్చుండును. 2021లో దేశమున ఆత్మహత్య చేసికొన్న స్త్రీలు 45,026 మంది. వారిలో గృహిణులు 23,178 మంది. సగమునకు మించిన యీ సంఖ్యను చూచి అది కడుపునొప్పి సంఖ్య యని నమ్మువాడు దేశములో ఒక్కడైన ఉండునా? నమ్మకున్నను ఆ గడినే నింపుచున్నాము. ఎం.ఎల్.సి. (వైద్య-న్యాయ కేసుల) రిజిస్టరులో ‘స్నానాల గదిలో జారిపడినది’ అనియు, ‘స్టవ్ అంటుకొన్నది’ అనియు వ్రాసికొను డ్యూటీ డాక్టరును మాత్రమే నిందించి ప్రయోజనము లేదు. ఆ పంక్తిని చెప్పుచున్న అత్తగారు మంచము ప్రక్కనే నిలుచున్నపుడు, ఆమెను బయటికి పంపి రోగినే మఱల అడుగవలెనను నియమము ఆ రిజిస్టరు తెచ్చి యిచ్చినవా రెవరును ఆయనకు గట్టిగా చెప్పి యుండలేదు.

అడుగుటలోనే యున్నది విద్య యంతయు. సర్వేవారు ‘మీ భర్త మిమ్ము హింసించుచున్నాడా’ యని యడుగరు. చెంపపై కొట్టెనా, చేయి మెలిపెట్టెనా, జుట్టు పట్టి లాగెనా, తన్నెనా, గొంతు నులిమెనా యని ఒక్కొక్క చేష్టను విడివిడిగా అడుగుదురు. ఎందువలన? చెప్పకుండ గడప దాటినందుకో, వంట చెడినందుకో, అత్తమామలను గౌరవింపనందుకో, మఱి యింకొక కారణమునకో భర్త కొట్టుట సబబే యని తెలంగాణలో నూటికి 84 మంది స్త్రీలు అదే సర్వేలో చెప్పియున్నారు. తనకు తగినదే యని తలచుచున్న దెబ్బను ఏ స్త్రీయు హింస యని చెప్పదు. దెబ్బ యని మాత్రము చెప్పును. కావుననే పంచనామా భాషకంటె ఈ ప్రశ్నల భాష నిజమునకు సమీపమైనది. ఇందును లోపము లేకపోలేదు. మహబూబాబాదు తండాలలో ఇంటిలో లంబాడీ మాటలాడు స్త్రీని, భూపాలపల్లి అడవి యంచున కోయ మాటలాడు స్త్రీని, తెలుగులో వ్రాసిన ప్రశ్నను తెలుగులోనే చదివి అడిగినచో, ఆమె సిగ్గుపడి తలయూపినది అవునని అర్థమా కాదని అర్థమా తేల్చుట పట్నమునుండి వచ్చిన పిల్లకు సాధ్యము కాదు.

జాతీయ స్థాయిలో ఇట్టి లెక్కలకు ఒక వ్యవస్థ కావలెనను మాట నేడు విజ్ఞు లెల్లరు అంగీకరించుచున్నారు. నాకును అభ్యంతరము లేదు. నా భయమెల్ల, వ్యవస్థ యనగానే ఢిల్లీలో ఒక పోర్టలును, అంగన్‌వాడి టీచరు ఫోనులో మఱొక యాపును పుట్టునేమో యని. ఇప్పటికే 2009లో మంజూరైన ఠాణాల అనుసంధాన వ్యవస్థ యొకటి యున్నది. లైంగిక నేరముల దర్యాప్తు గడువులను కనిపెట్టుటకు 2019లో వచ్చినది మఱొకటి. 2015 పథకము క్రింద బాధిత స్త్రీల సహాయమునకై వెలసిన సఖి కేంద్రములకు తమ రిజిస్టర్లున్నవి. 181 మహిళా సహాయ నంబరునకు వచ్చు పిలుపుల చిట్టా వేరు. వీటన్నిటికంటె విలువైనది, అందఱును మఱచినది, 2005 గృహహింస చట్టము క్రింద రక్షణాధికారి పూరింపవలసిన గృహ సంఘటన నివేదిక. శారీరక, లైంగిక, మానసిక, ఆర్థిక హింసలను వేర్వేరుగ గుర్తించు ఆ పత్రము దేశమంతట ఒక్కటే. సివిల్ స్వభావముగల చట్టము గనుక దాని సారము నేర పట్టికలలోనికి రాదు. క్రొత్త నమూనా వెదకువారు ముందుగా ఈ పాత నమూనాపై దుమ్ము దులిపిన చాలును. ఠాణా, ఆసుపత్రి, సఖి, రక్షణాధికారి అను నలువురు అదే వర్గీకరణను అనుసరించి, పేరు ఊరు లేకుండ కేవలము సంఖ్యలను నెలకొకసారి జిల్లాలో ఒకచోట కలుపుట ఖర్చుతో కూడిన పని కాదు.

స్పెయిన్ దేశమువారు భర్తల చేతిలోను, సహచరుల చేతిలోను హతులైన స్త్రీలను 2003 నుండి ఒక్కరొక్కరిగా లెక్కించుచు, 2022 నుండి ఆ లెక్కను తక్కిన స్త్రీహత్యలకును విస్తరించినారు. అదే 2022లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘము ఇట్టి హత్యల లెక్కకు ఒక సమాన ప్రమాణమును ఆమోదించినది. ఆ ప్రమాణమునకు ప్రాణము చంపినవాడికిని చచ్చిన స్త్రీకిని గల సంబంధము. మన పంచనామాలో ఆ సంబంధమునకు గడి యుండదు. కథనములో ఎక్కడనో దొరకవలసినదే.

ఒక ఆక్షేపణ న్యాయమైనది. పల్లె చిన్నది, ఫలానా మండలములో ఈ నెల ఒక్క కేసు అని పలకమీద వ్రాసినచో, ఆ ఒక్కరెవరో సాయంకాలమునకే హోటలు బల్లలయొద్ద తేలిపోవును. లైంగిక నేరములలో బాధితురాలి గుర్తింపు వెల్లడించుట నేరమని చట్టమున్నది గాని, సంఖ్య కూడ గుర్తింపు కాగలదని చట్టమునకు తెలియదు. కాబట్టి ఐదుకు తక్కువైన అంకెను మండల స్థాయిలో ప్రకటింపరాదు, జిల్లా మొత్తమున కలిపివేయవలెను. ఈ లెక్కలతో పాటు జిల్లాకొక సర్వేయు కావలెను; అందు అడుగబోవు స్త్రీ ఆ మండలముదై యుండరాదు. ఆశా కార్యకర్త యెంత మంచిదైనను పొరుగింటిదే కదా, ఆమె చెవిన పడిన మాట బావిగట్టుకు చేరదని హామీ యెవరిత్తురు? మూడేండ్ల కొకసారి, జిల్లాకు సరిపడు సంఖ్యలో, తండాకు లంబాడీ వచ్చిన స్త్రీని, గూడెమునకు కోయ వచ్చిన స్త్రీని పంపి, జిల్లా సరిహద్దులు మధ్యలో మార్చక ఈ సర్వే జరిపించినచో జనగామకు తన అంకె దక్కును.

ఈ లెక్కకై వెలువరించు ఉత్తరువులో ఇంకొకటి వ్రాసి తీరవలెను. తెలంగాణ 117 అని వచ్చినపుడు మనము చేసిన గగ్గోలును చూచిన ఏ ఎస్సైకైనను తెలిసిపోవు నీతి, కాగితము తగ్గించుకొన్నచో తల నొప్పి తగ్గునని. లెక్క సరిగా మొదలైన తొలి సంవత్సరములలో సంఖ్య పెరుగక తప్పదు. పెరిగినందుకు మూడేండ్లదాక ఏ ఠాణాను గాని, ఏ ఆసుపత్రిని గాని సంజాయిషీ అడుగరాదు. హఠాత్తుగా తగ్గిన ఠాణా యేదైన యున్నచో, తనిఖీ అధికారి జీపు ముందుగా అక్కడికి పోవలెను, పోయి ఎఫ్.ఐ.ఆర్. పుస్తకముతో పాటు ఆ సంవత్సరపు పంచనామాలను కూడ తెప్పించుకొని చదువవలెను.