బ్రాంచి దగ్గరే ఆగిపోతున్న అమ్మాయిలు

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, జనగామలోనైనా మహబూబాబాద్‌లోనైనా భూపాలపల్లిలోనైనా ఎంపీసీ పాసైన అమ్మాయి ఇంట్లో వినిపించే మాట ఒకటే: 'కంప్యూటర్స్ వస్తే సరే, లేకుంటే ఈసీఈ. మెకానికల్ మాత్రం వద్దు.' ర్యాంకు చాలక అంటున్న మాట కాదది. ఆ బ్రాంచి ఆడపిల్లలది కాదని ముందే ఇచ్చేసిన తీర్పు. వాహన రంగంలోకి మహిళలు ఎందుకు రావడం లేదని సదస్సుల్లో ఎంత చర్చించినా, గేటు పడుతున్నది ఇక్కడే.

అమ్మాయిలకు సైన్స్ మీద ఆసక్తి లేదనడానికి వీల్లేదు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం సైన్స్ కోర్సుల్లో చదివేవారిలో సగానికి పైగా వాళ్లే. ఇంజినీరింగ్‌కు వచ్చేసరికి వాటా 29 శాతం దగ్గర ఆగిపోతోంది. అందులోనూ ఎక్కువ మంది కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ వైపే. సీట్ల కొరత అందామా? తెలంగాణ కన్వీనర్ కోటాలో మూడో వంతు సీట్లు అమ్మాయిలకు రిజర్వు. ఐఐటీలు 2018 నుంచి అదనపు సీట్లు సృష్టించి, వాళ్ల వాటా 20 శాతానికి చేరేలా చూశాయి. ఉన్న సీటును వద్దనుకునేలా చేస్తున్నదేమిటన్నదే అసలు ప్రశ్న.

కారే మారిపోయింది

వాహన రంగమంటే మెకానికల్ వాళ్లదే, ఆడపిల్లలది కాదన్నది మొదటి అభ్యంతరం. విజయవాడలో పుట్టి మారిస్ స్టెల్లా కళాశాలలో చదివిన పద్మశ్రీ వారియర్ ప్రయాణం దానికి కొంత జవాబు చెబుతుంది. ఆమె ఐఐటీ ఢిల్లీలో కెమికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, కార్నెల్ విశ్వవిద్యాలయంలో పై చదువు చదివి, 1984లో అమెరికాలో మోటరోలాలో చేరారు. మహిళలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్న సెమీకండక్టర్ విభాగంలో మొదలై, 2003లో ఆ సంస్థకే చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ అయ్యారు. తర్వాత నెట్‌వర్క్ పరికరాల సంస్థ సిస్కోలోనూ అదే హోదా. కార్ల కంపెనీ గడప ఆమె అప్పటిదాకా తొక్కలేదు. 2015 చివర్లో చైనా విద్యుత్ కార్ల సంస్థ నియో తన అమెరికా విభాగానికి సీఈవోగా ఆమెను తీసుకుంది. ఆ సంస్థ తయారుచేసిన ఈపీ9 కారు 2017లో టెక్సస్ రేస్ ట్రాక్ మీద డ్రైవర్ లేకుండా గంటకు 257 కిలోమీటర్ల వేగం అందుకుంది. చిప్‌లు, నెట్‌వర్క్‌ల మనిషిని కార్ల కంపెనీ ఎందుకు వెతుక్కుంటూ వచ్చింది? కారే చిప్‌ల మీద, నెట్‌వర్క్‌ల మీద నడిచే యంత్రంగా మారిపోయింది కాబట్టి.

హైదరాబాద్‌లోని హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రంలో, జెడ్ఎఫ్ టెక్నాలజీ సెంటర్‌లో జరిగే పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్ తెర మీద డిజైన్, పరీక్ష, సాఫ్ట్‌వేరే. అంటే సీఎస్ఈ చదివిన అమ్మాయికీ వాహన రంగం తలుపు తెరిచే ఉంది. మెకానికల్, ఎలక్ట్రికల్ చదివితే ఇంకాస్త బార్లా తెరుచుకుంటుంది. ఈ సంగతి జిల్లా కేంద్రాల్లోని జూనియర్ కళాశాలలకు, గురుకులాలకు చేరడం లేదు.

బలం మాట

'అది మోటు పని, ఆడపిల్ల వల్ల కాదు' అనేది రెండో అభ్యంతరం. విద్యుత్ కారును రిపేరు చేసే తీరు ఒకసారి చూడండి. చాలా కార్లలో బ్యాటరీ 300 నుంచి 400 వోల్టులు ఉంటుంది. మెకానిక్ ముందుగా రబ్బరు గ్లోవ్స్‌లో గాలి నింపి, ఎక్కడైనా సూదిమొనంత చిల్లు ఉందేమో చూసుకోవాలి. సర్వీస్ ప్లగ్ పీకాలి. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. మల్టీమీటర్ సున్నా చూపించాకే నారింజ రంగు కేబుల్ మీద చెయ్యి వేయాలి. ఇక్కడ కావాల్సింది కండ కాదు, ఓపిక, క్రమశిక్షణ. కండబలమే కావాల్సిన చోటా మన మహిళలు వెనక్కి తగ్గలేదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో లారీ టైర్లు విప్పి పంక్చర్లు వేసే మహిళా మెకానిక్ గురించి రాష్ట్రమంతా చదివింది.

నిజానికి ఈ అపనమ్మకాన్ని పెంచి పోషించింది చట్టమే. తిరుగుతున్న యంత్రాన్ని శుభ్రం చేయడం, దానికి నూనె వేయడం మహిళలకు నిషేధమని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాసుకుంది. రాత్రి ఏడు దాటితే ఫ్యాక్టరీలో ఉండొద్దంది. 1952 గనుల చట్టం భూగర్భంలోకే దిగొద్దంది. రక్షణ పేరుతో పెట్టిన ఈ నిబంధనలే యాజమాన్యాలకు సాకులయ్యాయి. పుణె టెల్కోలో (నేటి టాటా మోటార్స్) ఇంజినీర్ల ఉద్యోగాలకు మహిళలు దరఖాస్తు చేయనక్కర్లేదన్న ప్రకటన చూసి, 1974లో సుధామూర్తి నేరుగా జేఆర్‌డీ టాటాకు పోస్టుకార్డు రాయాల్సి వచ్చింది. ఆమె ఆ కంపెనీ షాప్ ఫ్లోర్‌లో తొలి మహిళా ఇంజినీర్ అయ్యాకే ఆ అడ్డు తొలగింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు మహిళ సమ్మతి, భద్రత ఏర్పాట్ల షరతులతో రాత్రి షిఫ్టును అనుమతిస్తున్నాయి. కాగితం మీద అడ్డు తొలగినట్టే. రాత్రి పదింటికి షిఫ్టు దిగిన అమ్మాయిని ఇంటికి చేర్చే వాహనం ఉందా అన్నదే ఇక మిగిలిన లెక్క.

భూపాలపల్లి బిడ్డ చూపిన దారి

చట్టం సడలితే ఏమవుతుందో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. 2019 ఫిబ్రవరిలో కేంద్రం భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగాలకు మహిళలను అనుమతించింది. భూపాలపల్లి సింగరేణి కార్మికుడి కూతురు రాసకట్ల సంధ్య కొత్తగూడెం మైనింగ్ కళాశాలలో బీటెక్ చేసి, రాజస్థాన్‌లోని హిందుస్థాన్ జింక్ జావర్ గనుల్లో చేరారు. భూగర్భ గనులకు సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. తండ్రి గనిలో కార్మికుడు, కూతురు గని మేనేజర్‌కు కావాల్సిన అర్హత సంపాదించిన ఇంజినీర్. వాహన రంగానికీ ఇదే దారి వర్తిస్తుంది. అయితే సొంత జిల్లా వదిలి రాజస్థాన్ దాకా వెళ్లగలిగే స్థోమత, ధైర్యం ఎన్ని కుటుంబాలకు ఉంటాయి? తొలి ఉద్యోగం దగ్గర్లో దొరికితేనే రెండో అమ్మాయి, మూడో అమ్మాయి వస్తారు.

దగ్గర్లో అవకాశాలు లేకపోలేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడింటిలోనూ ఆర్టీసీ డిపోలున్నాయి, ప్రతి డిపోలో గ్యారేజీ ఉంది. 2025 సెప్టెంబర్‌లో ఆర్టీసీ ప్రకటించిన 1,743 పోస్టుల్లో 743 శ్రామిక్ పోస్టులే. అంటే మెకానిక్, ఎలక్ట్రీషియన్ వంటి ఐటీఐ ట్రేడుల వాళ్లు చేసే పని. భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరు థర్మల్ కేంద్రం ఉన్నాయి. జనగామ, మహబూబాబాద్‌ల నుంచి రైలెక్కితే కాజీపేట. అక్కడ రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులైలో ప్రధాని శంకుస్థాపన చేశారు. టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్ర ప్రభుత్వం రూ.2,324 కోట్లతో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది. వాటిలో ఎలక్ట్రిక్ వాహన మెకానిక్ కోర్సూ ఉంది.

అయితే ఐటీఐలో చేరే అమ్మాయిని ఇప్పటికీ కోపా (కంప్యూటర్ ఆపరేటర్), కుట్టుపని ట్రేడుల వైపే పంపుతున్నాం. కొత్త యంత్రాలు తెచ్చి పాత అలవాటునే కొనసాగిస్తే ఖర్చయిన కోట్లకు అర్థం ఉండదు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ స్త్రీల అక్షరాస్యత 58 శాతమైతే పురుషులది 75 శాతం. ఆ అంతరాన్ని దాటుకుని ఇంటర్ దాకా వచ్చిన తండా బిడ్డను, కార్మికుడి బిడ్డను బ్రాంచి దగ్గర ఆపేయడం రెండోసారి చేసే అన్యాయం.

చేయాల్సినవి పెద్ద పనులేం కావు. వాహన ట్రేడుల్లో మూడో వంతు సీట్లు అమ్మాయిలతో నిండేలా ప్రిన్సిపాళ్లకు బాధ్యత అప్పగించాలి. ఐటీఐ పక్కనే అమ్మాయిల హాస్టల్ ఉండాలి. ఆర్టీసీ, సింగరేణి వర్క్‌షాపుల్లో అప్రెంటిస్‌గా అమ్మాయిలను తీసుకుని, వాళ్లకు మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకునే గది, రాత్రి షిఫ్టుకు వాహనం ఏర్పాటు చేయాలి. గురుకులాల తొమ్మిదో తరగతి పిల్లలను ఏటా ఒకసారి డిపో గ్యారేజీకి తీసుకెళ్లి, బానెట్ ఎత్తి చూపించాలి. తల్లిదండ్రులు చేయాల్సింది ఒక్కటే: ఈసారి కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు 'నీకేది ఇష్టం?' అని బిడ్డను అడగండి. ఆమె మెకానికల్ అంటే, అదే మొదటి ఆప్షన్‌గా పెట్టండి.