మూతపడ్డ కంపెనీ భూమి వేలానికొస్తే

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పాడిరైతుల పాలతో నడిచిన చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. ఇరవై ఏళ్లు పాడుబడి, 2023లో 99 ఏళ్ల లీజుకు అమూల్ చేతికి పోయింది. పాలు పోసిన మనం చూస్తూ ఉండిపోయాం. మూతపడ్డ కంపెనీల స్థలాల విషయంలోనూ అదే జరగాలా?

పన్ను బాకీపడ్డ భూమిని 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద వేలం వేస్తారు. నెల ముందే నోటీసు ఇవ్వాలి. పాట దక్కినవాళ్లు 15 శాతం అక్కడికక్కడే, మిగతాది 30 రోజుల్లో కట్టాలి. మెలిక వేరేచోట ఉంది. భూమిశిస్తు బాకీకి అమ్మితే పాత తాకట్టులు తొలగిపోతాయి. అమ్మకం పన్ను లాంటి ఇతర బాకీలకు అమ్మితే బ్యాంకు తాకట్టు భూమితోపాటే మన నెత్తిన పడుతుంది. అందుకే పాటకు ముందే ఈసీ తీయించాలి.

కంపెనీని రిజిస్టరు నుంచి కొట్టేసి ఉంటే, మాజీ డైరెక్టరు తెచ్చే అగ్రిమెంటుకు అడ్వాన్సు ఇవ్వొద్దు. హక్కుదారు లేని ఆస్తి రాజ్యాంగం 296వ అధికరణ ప్రకారం ప్రభుత్వానిది. పైగా 20 ఏళ్లలోపు ట్రిబ్యునల్ ఆ కంపెనీని తిరిగి బతికించవచ్చు కూడా.

ఇది ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు. 1995 చట్టం కింద పరస్పర సహాయ సహకార సంఘంగా నమోదై పాటకు దిగాలి. మీ మండలంలో ఇలాంటి స్థలముంటే సర్వే నంబరుతో సంఘానికి రాయండి, కలిసి తహసీల్దారు దగ్గరకు పోదాం.