చూపుడు వేలే తాళం

'తుపాకీ మిస్‌ఫైర్... కానిస్టేబుల్‌కు గాయాలు'. మన పేపర్లలో అప్పుడప్పుడూ కనిపించే వార్తే ఇది. శుభ్రం చేస్తుండగా పేలిందనో, జీపు దిగుతుండగా పేలిందనో రెండు పేరాలు రాస్తారు. మనమూ చదివి, అయ్యో పాపం అనుకుని, పేజీ తిప్పేస్తాం.

మా పెదనాన్న మాత్రం తిప్పరు. ఆయన జిల్లా ఏఆర్‌లో పనిచేసి రిటైరయ్యారు. పోలీసుల భాషలో 'బెల్ ఆఫ్ ఆర్మ్స్' అనే ఆయుధాల గది తాళాలు చాలా ఏళ్లు ఆయన దగ్గరే ఉండేవి. అలాంటి వార్త కంటబడితే చాలు, కళ్లజోడు తీసి పక్కన పెట్టి నన్ను పిలుస్తారు.

"ఏరా, మిస్‌ఫైర్ అంటే ఏమిటి? ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే మిస్‌ఫైర్. ఇక్కడ పేలింది కదా! పేలినదాన్ని పేలలేదని రాస్తారేమిట్రా?"

పేపర్లో రాసేవాణ్ని కాబట్టి ఆ చీవాట్లలో సగం వాటా నాదే.

"మీ తెలుగులోనే ఉంది తిరకాసు" అన్నారోసారి. "'పేలింది' అంటే ఎవరి తప్పూ లేదు. 'పేల్చాడు' అంటే ఒక మనిషి కనిపిస్తాడు. అందుకే అందరూ పేలిందనే రాస్తారు."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టన్నమాట. అయితే నిజంగానే ఓటి మద్దెలలు ఉండవా? తప్పు చేతిదా, చేతిలోని వస్తువుదా అన్న ఈ తగాదా ప్రపంచంలో ఒక పిస్తోలు చుట్టూ నలభై ఏళ్లుగా నడుస్తూనే ఉంది. దాని పేరు గ్లాక్. ఎన్నో దేశాల పోలీసుల నడుముకు వేలాడేది అదే. మన ఎన్‌ఎస్‌జీ కమాండోల దగ్గరా ఉంది.

దాని పుట్టుకే చిత్రం. ఆస్ట్రియా రాజధాని వియన్నాకు దగ్గర్లో డాయిష్ వాగ్రామ్ అనే ఊరుంది. అక్కడ గాస్టన్ గ్లాక్ అనే ఇంజినీరు 1963లో కంపెనీ పెట్టాడు. కర్టెన్లు వేలాడదీసే కడ్డీల్లాంటి సామాన్లు చేసేవాడు. తర్వాత సైన్యానికి కత్తులు కూడా చేసిచ్చాడు. 1980లో ఆస్ట్రియా సైన్యం పాతబడిపోయిన వాల్తర్ పిస్తోళ్ల స్థానంలో కొత్తవి కావాలంది. షరతులు గట్టివే. రెండు మీటర్ల ఎత్తునుంచి ఉక్కు పలక మీద పడినా పేలకూడదు. మొత్తం విడిభాగాలు 58కి మించకూడదు. మొదటి పదివేల తూటాల్లో 20 సార్లకు మించి మొరాయించకూడదు.

గ్లాక్ అప్పటిదాకా పిస్తోలు చేసినవాడు కాదు. తెలిసినవాళ్లను పిలిచి, మీకెలాంటిది కావాలని అడిగాడు. పెద్ద పెద్ద ఆయుధ కంపెనీలు పోటీలో ఉండగా 1982లో ఆర్డరు ఆయన చేతికొచ్చింది. అదే గ్లాక్ 17. పిడీ చట్రమూ ప్లాస్టిక్ జాతి పాలిమర్‌తో పోసినవి. గొట్టం, పైన జారే స్లైడ్ ఉక్కువి. ఖాళీగా తూస్తే సుమారు 625 గ్రాములు. విడిభాగాలు ముప్పైనాలుగే. మ్యాగజైన్‌లో 17 తూటాలు.

దాని విలువ తెలియాలంటే పక్కన ఇంకో పిస్తోలు పెట్టి చూడాలి. మన సైన్యంలో, పోలీసుల్లో తరాల తరబడి వాడిన 9 ఎంఎం పిస్తోలు ఉంది కదా, అది బ్రౌనింగ్ హైపవర్ అనే డిజైన్. అమెరికన్ జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో కన్నుమూస్తే, బెల్జియంలో ద్యూదొనే సేవ్ పూర్తి చేశాడు. 1935లో వాడకంలోకొచ్చింది. మనదేశంలో కోల్‌కతా దగ్గర ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. 13 తూటాలు. ఖాళీగానే 900 గ్రాముల పైన ఉంటుంది. బ్రిటిష్ సైన్యం 1954 నుంచి దాన్నే వాడింది.

ఈ రెండింటికీ అసలు తేడా బరువులో లేదు. తాళం ఎక్కడుందన్నదే తేడా.

హైపవర్‌కు పక్కన బొటనవేలితో తిప్పే సేఫ్టీ మీట ఉంటుంది. మీట పైకుంటే ట్రిగ్గర్ ఎంత నొక్కినా పేలదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయదు. ఫ్రెంచి సైన్యం కోరిక మీద పెట్టిన ఏర్పాటది. చివరికి ఆ సైన్యం ఆ పిస్తోలును తీసుకోనే లేదు, అది వేరే కథ. ఆ ఏర్పాటు వల్ల ట్రిగ్గర్ కాస్త గరగరలాడుతుందని వాడినవాళ్ల ఫిర్యాదు. అయినా మ్యాగజైన్ తీశాను కదా, ఇక ఖాళీయే అనుకునే మతిమరుపు మనిషిని అది కాపాడుతుంది.

గ్లాక్‌కు బయట సేఫ్టీ మీటే లేదు! మరి భద్రత ఏదీ అంటారా? మూడున్నాయి, మూడూ దానంతట అవే పనిచేసేవి. ట్రిగ్గర్ మధ్యలోనే ఇంకో చిన్న మీట ఉంటుంది. వేలు సరిగ్గా దానిమీద పడితేనే ట్రిగ్గర్ వెనక్కి కదులుతుంది. తూటా వెనక కొట్టే ఫైరింగ్ పిన్‌కు లోపల ఒక అడ్డు ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితేనే అది తప్పుకుంటుంది. కింద పడిన అదురుకు ఆ పిన్ జారకుండా మూడో ఏర్పాటు పట్టి ఉంచుతుంది. అంటే కింద పడినా, కుదిపినా పేలదు. నొక్కితే పేలుతుంది. నొక్కింది నేరస్తుణ్ని చూసిన పోలీసు వేలా, ఒరలో పెడుతుంటే ఇరుక్కున్న చొక్కా అంచా అన్నది దానికి తెలియదు.

ఇంకొకటి. గ్లాక్‌ను శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే. మ్యాగజైన్ తీసినా, గొట్టం వెనక అరలో అంటే ఛాంబర్‌లో ఒక తూటా మిగిలి ఉండొచ్చు. చూసుకోకుండా నొక్కారా, అంతే. 'శుభ్రం చేస్తుండగా పేలింది' అనే వార్తకు ఇంతకన్నా అనువైన సందు ఇంకేం కావాలి?

ఈ లెక్కన హైపవరే మేలు కదా అనిపిస్తుంది. కాస్త ఆగండి.

1986 ఏప్రిల్‌లో అమెరికాలోని మయామీలో ఇద్దరు దొంగలకూ ఎఫ్‌బీఐ ఏజెంట్లకూ మధ్య కాల్పులు జరిగాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఏజెంట్లలో ఎక్కువమంది దగ్గరున్నవి ఆరేసి తూటాల రివాల్వర్లు. తూటాలైపోయాక, గాయపడిన చేత్తో, కాల్పుల మధ్య మళ్లీ నింపుకోవడం ఎంత కష్టమో ఆరోజు తెలిసొచ్చింది. ఎక్కువ తూటాలు పట్టే పిస్తోళ్ల వైపు అమెరికా పోలీసులు మళ్లడానికి ఇదొక పెద్ద కారణం. ప్రాణం మీదికొచ్చిన ఆ రెండు క్షణాల్లో చెమట పట్టిన బొటనవేలు చిన్న మీటను వెతుక్కోవాలా? అక్కర్లేదు, తీయి, నొక్కు అంది గ్లాక్. పోలీసులకు అది నచ్చింది. ప్లాస్టిక్ తుపాకీ విమానాశ్రయాల్లో దొరకదంటూ అప్పట్లో గోల కూడా జరిగింది. నిజానికి బరువులో ఎక్కువ భాగం ఉక్కే కాబట్టి ఎక్స్‌రేలో చక్కగా కనిపిస్తుంది.

ఇక రెండో వైపు. అమెరికా రాజధాని వాషింగ్టన్ పోలీసులు 1980ల చివర్లో గ్లాక్‌కు మారారు. పదేళ్ల తర్వాత, 1998లో, వాషింగ్టన్ పోస్ట్ పత్రిక లెక్క తీసింది. ఆ పదేళ్లలో అనుకోకుండా పేలిన సందర్భాలు 120కి పైగా. తమను తామో, తోటివాళ్లనో కాల్చుకున్న పోలీసులు కూడా వాళ్లలో ఉన్నారు. పిస్తోలు మారింది గానీ అలవాటు మారలేదు. రివాల్వర్ ట్రిగ్గర్ పొడుగ్గా, బరువుగా ఉంటుంది. దానిమీద వేలు ఆనించి తిరిగినా చాలాసార్లు గడిచిపోతుంది. గ్లాక్ ట్రిగ్గర్ పొట్టిది, సుమారు రెండున్నర కిలోల ఒత్తిడి చాలు. పాత అలవాటు కొత్త పిస్తోలు మీద కూర్చుంది. పైగా మళ్లీ మళ్లీ చేయాల్సిన కాల్పుల సాధనకు చాలామంది పోలీసులు వెళ్లనే లేదని ఆ కథనంలో తేలింది.

న్యూయార్క్ పోలీసులు ఇంకో ఉపాయం పన్నారు. గ్లాక్‌లో గట్టి స్ప్రింగు వేయించి ట్రిగ్గర్ బరువును దాదాపు ఐదున్నర కిలోలకు పెంచారు. దానికి 'న్యూయార్క్ ట్రిగ్గర్' అనే పేరే పడింది. పొరపాటున నొక్కుకోవడం కష్టమైంది. అయితే గట్టిగా లాగేటప్పుడు చెయ్యి కదులుతుంది కదా! 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ భవనం దగ్గర ఒక హంతకుణ్ని ఇద్దరు పోలీసులు కాల్చినప్పుడు, దారినపోయే తొమ్మిదిమంది గాయపడ్డారు. అవన్నీ పోలీసుల తూటాలూ, వాటి తునకలూ తగిలిన గాయాలే. అక్కడి పోలీసు పిస్తోళ్ల బరువైన ట్రిగ్గర్ల మీద అప్పుడు మళ్లీ చర్చ లేచింది. ఒకచోట బిగిస్తే ఇంకోచోట ఊడుతోంది మరి.

సైన్యాల తీర్పులూ ఒక్కలా లేవు. బ్రిటిష్ సైన్యం 2013లో తన పాత బ్రౌనింగ్‌లను పక్కనపెట్టి 25 వేలకు పైగా గ్లాక్‌లు కొంది. తేలిక, తీయగానే సిద్ధం, అదీ కారణం. అమెరికా సైన్యం 2017లో గ్లాక్‌ను కాదని సిగ్ కంపెనీ పిస్తోలు తీసుకుంది. దానికి బొటనవేలి సేఫ్టీ మీట పెట్టించుకుంది. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. ఒకరు తాళం చూపుడు వేలికి అప్పగించారు. ఇంకొకరు బొటనవేలి తాళాన్నీ వదులుకోలేదు.

మరి మనం మార్కులేద్దామా? మొరాయించకపోవడంలో గ్లాక్‌కు ఫస్ట్ క్లాసు. తేలిగ్గా విప్పడం, బిగించడం, నేర్చుకోవడంలోనూ అంతే. కింద పడితే పేలకపోవడంలో కూడా. మనిషి పొరపాటును క్షమించడంలో మాత్రం పాస్ మార్కులు వేయడానికి నాకు చేయి రావడం లేదు. ఏడాదికి వందల తూటాలు సాధన చేసే కమాండో చేతిలో అది దాదాపు లోపంలేని పనిముట్టు. ఎప్పుడో శిక్షణలో పది తూటాలు కాల్చి, మళ్లీ రేంజ్ మొహం చూడని గార్డు నడుముకు కడితే, దాని గుణాలే దోషాలవుతాయి. గ్లాక్ కొనడమంటే పిస్తోలు కొనడం ఒక్కటే కాదు. సాధనకు తూటాలు, రేంజ్, నేర్పే మనిషి, ఏటేటా పరీక్ష కూడా కొనాలి. బిల్లులో మొదటిది మాత్రమే ఉంటే సగమే కొన్నట్టు. ఆ రెండో సగానికి డబ్బు పెట్టలేని శాఖకు, మీట ఉన్న పాత పిస్తోలే మంచిది. ఇది నా తీర్పు.

మనింట్లో పిస్తోలు ఉండదు, ఈ గొడవ మనకెందుకు అంటారా? నిజమే, 9 ఎంఎం మన చట్టం ప్రకారం మామూలు పౌరుడికి లైసెన్సు మీద కూడా దొరికేది కాదు. అయినా గన్‌మన్ పక్కన నిలబడే పెళ్లిపందిరి మనదే, క్యూ కట్టే బ్యాంకు మనదే. తూటా తగిలే కానిస్టేబులూ మనింటి పిల్లాడే. 'మిస్‌ఫైర్' అని ఒక్క మాట రాసేస్తే ఇక ఎవరూ ఏమీ అడగరు. ఛాంబర్ చూశారా, వేలు ఎక్కడుంది, ఆఖరుసారి సాధన ఎప్పుడు? ఈ మూడు ప్రశ్నలూ ఆ మాట కింద పూడ్చిపెట్టేస్తున్నాం.

ఈ కాలమ్ రాసేముందు పెదనాన్నను అడిగాను, గ్లాక్ మంచిదా, మన పాత 9 ఎంఎం మంచిదా అని.

"నా గదిలో రెండిటికీ ఒకటే రూలు" అన్నారు. "గొట్టం ఇసుక బస్తా వైపు. మ్యాగజైన్ తీయాలి. స్లైడ్ లాగాలి. ఛాంబర్ కంటితో చూడాలి, చీకటైతే వేలు పెట్టి చూడాలి. ఎస్పీ గారొచ్చినా అంతే. ఒకాయనకు కోపమొచ్చింది కూడా."

"తర్వాతేమైంది?"

"ఏముంది, స్లైడ్ లాగితే తూటా బయటికొచ్చి పడింది. కోపం దిగిపోయింది."

మొన్న దీపావళికి మావాడు రీలు తుపాకీ పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. ట్రిగ్గర్ మీద వేలు, గొట్టం చెల్లెలి మొహం మీద. పెదనాన్న వాణ్ని దగ్గరికి పిలిచారు. గొట్టం నేలవైపు తిప్పి, వాడి చూపుడు వేలు పట్టుకుని తుపాకీ పక్కన తిన్నగా చాపి పెట్టారు.

"ఇలా పట్టుకుంటే ఎలా పేలుతుంది తాతయ్యా?" అన్నాడు వాడు.

"అది పేలదురా" అన్నారాయన. "నువ్వు పేల్చాలి."