కార్డు మీద 110/70

కొండమీద గర్భిణి చనిపోతే మర్నాడు పత్రికలో రెండు మాటలుంటాయి. ఒకటి డోలీ, రెండోది మూఢనమ్మకం. డోలీ నిజమే. రోడ్డు లేదు, మోశాం, ఇంకా మోస్తున్నాం. రెండో మాట మాత్రం మేము ఒప్పుకోం.

తొలిచూలు పిల్లకు నెలలు నిండుతుంటే మొహం, చేతులు పొంగుతాయి. తలనొప్పి, కళ్ళకు మసకలు, రొమ్ము కింద నొప్పి. ఇంట్లో ముసలమ్మలు ‘నీరు పట్టింది, మామూలే’ అంటారు. పట్నం ముసలమ్మలూ అదే అంటారు, వాళ్ళను ఎవరూ మూఢులనరు. కాళ్ళవాపు చాలామందికి వచ్చేదే గనుక ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం తేల్చాల్సింది బీపీ మిషను. 140/90కి చేరిందా, మూత్రంలో ఆల్బుమిన్ పోతోందా చూడాలి. చూడక వదిలేస్తే ఫిట్స్ దాకా పోవచ్చు. ఫిట్స్ వచ్చాక ఎజ్జోడిని పిలిచామని మమ్మల్ని తిడతారు. ఎజ్జోడు పక్కింట్లో ఉన్నాడు. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఎక్కడుంది?

మా దగ్గర అయిదో తరగతి చదివిన పిల్ల అలాగే పోయింది. తొలికాన్పు. తర్వాత ఆమె కార్డు చూశాం. నాలుగు గడుల్లోనూ 110/70. ఒకే చేతిరాత, ఒకే సిరా. మేము పంతుళ్ళం, రాని పిల్లలకు హాజరు వేసే పాపం మాలోనూ ఉంది, అందుకే ఆ రాతను ఇట్టే పోల్చుకున్నాం. రాసినామెకు ఎన్ని గూడేలో, మిషను పనిచేసిందో లేదో. అయినా గడి ఖాళీగా వదిలినా బాగుండేది. ఖాళీ చూసి ఎవరైనా అడిగేవారు.

కాన్పు ముందు ఉండడానికి వసతి గృహాలు పెట్టామంటారు. మంచిదే. కానీ ఈ జబ్బు అయిదో నెల దాటాక ఎప్పుడైనా మొదలవుతుంది, తొమ్మిదో నెల కోసం ఆగదు. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను డాక్టరు చూసే పథకం 2016 నుంచి ఉంది. మేము తేదీ చూసి కొండ దిగం, సంతకు దిగుతాం. వారం వారం దిగుతాం, కడుపుతో ఉన్నవాళ్ళూ దిగుతారు. ఉప్పు, ఎండుచేపలు అమ్మేచోట ఒక బల్ల వేసి, బీపీ మిషను అక్కడికి తెండి. అంకె రాసేముందు ఆ పిల్లకు పైకి చదివి చెప్పండి. మా బడిలో చదివిన పిల్లలే, 110కీ 140కీ తేడా వాళ్ళకు తెలుసు.